మతం చట్టమైతే మామూలు బతుకులో ఏం మారుతుంది?

2015 సెప్టెంబరులో ఇరాన్ మహిళల ఫుట్‌సాల్ (ఇండోర్ ఫుట్‌బాల్) జట్టు ఆసియా పోటీల కోసం మలేషియా విమానం ఎక్కింది. కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ మాత్రం ఎక్కలేదు. గాయమేమీ కాలేదు, ఆట తగ్గిందనీ కాదు, పాస్‌పోర్టు రెన్యూవల్‌కు భర్త ఒప్పుకోలేదు. కొడుకు మొదటిసారి బడికెళ్లే రోజున తల్లి ఇంట్లో ఉండాలని ఆయన పట్టు. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి గొడవ ఏ దేశంలోనైనా, ఏ ఇంట్లోనైనా వస్తుంది. మాటా మాటా అనుకుంటారు, ఎవరో ఒకరు తగ్గుతారు, లేదంటే ఇద్దరూ తగ్గరు. ఇరాన్‌లో ఆ గొడవ అందాకా పోవాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే పెళ్లయిన ఆడమనిషికి పాస్‌పోర్టు కావాలంటే భర్త అనుమతి ఉండాలని చట్టమే చెబుతుంది. దేశానికి ఆడే కెప్టెన్ అయినా సరే.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ పాస్‌పోర్టు చట్టం మతపెద్దలు రాసింది కాదు, 1973లో షా, అంటే రాజు, పాలించిన కాలంలో వచ్చింది. రాజును దించి మతపెద్దల్ని గద్దెనెక్కించిన 1979 విప్లవం దాన్ని పుట్టించలేదు. కానీ విప్లవం తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు, ఎందుకంటే భార్య మీద భర్తకుండే అధికారం అప్పటిదాకా పాత చట్టంలో ఒక సెక్షన్, ఆ తర్వాత అది షరియత్ ఆజ్ఞ అయి కూర్చుంది. మతపాలనకూ లౌకిక పాలనకూ అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. చెడ్డ చట్టాలు రెండు చోట్లా ఉంటాయి. ఒక చోట వాటిని తప్పు అనొచ్చు, మార్చమని కొట్లాడొచ్చు, గెలవకపోయినా మళ్లీ అడగొచ్చు. రెండో చోట ఆ మాట అన్నవాడు దేవుడికే ఎదురు తిరిగినవాడవుతాడు.

ఈ విషయం మీద వాదనలు ఎప్పుడూ పెద్ద పెద్ద మాటల దగ్గరే ఆగిపోతాయి. నాగరికత, సంస్కృతి, విలువలు, పాశ్చాత్య ప్రభావం. వాటితో ఏదీ తేలదు. మామూలు మనిషి మామూలు రోజును తీసుకుని చూస్తే చాలు: పొద్దున్నే ఏం వేసుకుని బయటికి వెళ్తున్నారు, ఎవరితో కలిసి నడుస్తున్నారు, ఏం పాట వింటున్నారు, కూతురు ఎందాకా చదవగలుగుతోంది, ఎవర్ని పెళ్లి చేసుకోగలుగుతున్నారు, కుదరకపోతే ఎలా విడిపోతున్నారు, దేవుడి మీద నమ్మకం పోతే ఆ మాట పైకి అనగలుగుతున్నారా, నమ్మకం ఉంటే దాన్ని తమకు నచ్చిన తీరులో పాటించగలుగుతున్నారా. ఈ ఆఖరి రెండింటినీ కలిపే చూడాలి. ఒకదాన్నే చూసేవాళ్లకు ఎప్పుడూ సగం బొమ్మే కనిపిస్తుంది.

ఇరాన్ సంగతే ఇంకాస్త చూద్దాం. 1979 ఫిబ్రవరిలో షా ప్రభుత్వం కూలింది. కొద్ది రోజులకే, ఆడవాళ్లకు విడాకుల విషయంలో కొంత బలం ఇచ్చిన కుటుంబ రక్షణ చట్టాన్ని పక్కన పెట్టేశారు. మార్చి మొదటి వారంలో, ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు తల కప్పుకోవాలని విప్లవ నాయకుడైన మతగురువు ఖొమేనీ నోటి నుంచి మాట వచ్చింది. మార్చి 8న వేలమంది ఆడవాళ్లు టెహ్రాన్ వీధుల్లోకి వచ్చారు. కొద్ది వారాల కిందట షాకు వ్యతిరేకంగా అవే వీధుల్లో నడిచినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. ప్రభుత్వం అప్పటికి కాస్త వెనక్కి తగ్గినట్టు కనిపించింది గానీ, 1983 నాటికి తల కప్పుకోకుండా బయట తిరిగితే 74 దాకా కొరడా దెబ్బలని శిక్షాస్మృతిలో రాసేశారు. ఆడపిల్ల పెళ్లి వయసు 18 నుంచి 9కి దిగిపోయింది, దాన్ని 13 చేయడానికి 2002 దాకా పట్టింది. ఆడవాళ్లు జడ్జీలుగా పనికిరారన్నారు. టెహ్రాన్ సిటీ కోర్టులో ప్రిసైడింగ్ జడ్జిగా కూర్చున్న షిరీన్ ఎబాదీని అదే కోర్టులో గుమస్తాను చేశారు. 2003లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది ఈవిడే.

అయితే కథను 1979లో మొదలుపెడితే సగమే చెప్పినట్టు. 1936లో అప్పటి రాజు రెజా షా ముసుగును నిషేధించాడు. దేశాన్ని ఆధునికం చేస్తున్నానని ఆయన నమ్మకం. పోలీసులు వీధిలో ఆడవాళ్ల తల మీది గుడ్డ లాగేసేవాళ్లు. ముసుగు లేకుండా బయటికి రావడాన్ని ఒంటి మీద బట్ట లేకుండా రావడంతో సమానంగా భావించిన ఆడవాళ్లు ఎందరో గడప దాటడమే మానేశారు. 1941లో ఆయన గద్దె దిగాకే ఆ బాధ తగ్గింది. లెక్క వేసి చూడండి, 1936లో ఇరవయ్యేళ్లున్న టెహ్రాన్ అమ్మాయి 1983 నాటికి అరవై ఏడేళ్ల పెద్దావిడ. ఒకే జీవితంలో ఆమె ముసుగు వేసుకున్నందుకు ఒకసారి, వేసుకోనందుకు మరోసారి పోలీసుకు భయపడాల్సి వచ్చింది. నీకేం కావాలమ్మా అని ఆమెను రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

మామూలు చట్టం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. దొంగతనం చేశావా లేదా, రెడ్ సిగ్నల్ దాటావా లేదా, అంతవరకే దాని పని. పాపానికి అలాంటి హద్దు లేదు. అది చూపులో ఉంటుంది, నవ్వులో ఉంటుంది, పాటలో, జుట్టులో, ఆఖరికి మనసులో కూడా ఉంటుంది. పాపాన్ని నేరంగా మార్చాక పోలీసు అడుగుపెట్టకూడని చోటంటూ మిగలదు. అందుకే ఇలాంటి పాలనలో మామూలు పోలీసులు చాలక ఇంకో దళం పుడుతుంది. ఇరాన్‌లో గష్తే ఎర్షాద్, సౌదీలో ముతవ్వాలు, అఫ్ఘానిస్తాన్‌లో అయితే ఏకంగా ఒక మంత్రిత్వ శాఖ. 2022 సెప్టెంబరు 13న టెహ్రాన్‌లో గష్తీవాళ్లు 22 ఏళ్ల మహ్సా అమీనీని హిజాబ్ సరిగా లేదని పట్టుకుపోయారు, మూడు రోజులకు ఆమె ఆసుపత్రిలో చనిపోయింది. ఎన్ని వెంట్రుకలు కనిపిస్తే నేరమో కొలిచి చెప్పే వీలు ఉండదు. ఆ రోజు వ్యాన్‌లో ఎవరున్నారు, వాళ్ల మూడ్ ఎలా ఉంది, దాన్ని బట్టే ఉంటుంది. అసలు టెన్షన్ అదే. శిక్ష పడేది కొందరికే అయినా, అద్దం ముందు నిలబడి ఈ రోజు ఎవరైనా ఆపుతారేమో అనుకునేది ఊరంతా.

మరి ఎన్నికలు లేవా అంటే ఉన్నాయి. ఇరాన్‌లో పార్లమెంటు ఉంది, అధ్యక్షుడు ఉన్నాడు, జనం క్యూ కట్టి ఓటేస్తారు. కానీ ఎవరు పోటీ చేయొచ్చో తేల్చేది 12 మందితో కూడిన సంరక్షక మండలి. అందులో ఆరుగురు మతపండితులు, వాళ్లను నేరుగా దేశంలో అందరికంటే పైనుండే మతనేత, సుప్రీం లీడరే నియమిస్తాడు. పార్లమెంటు చేసిన చట్టం షరియత్‌కు తగ్గట్టు ఉందో లేదో చెప్పేది కూడా ఆ ఆరుగురే. అంటే జనం చేతిలో ఓటు ఉంటుంది, దాంతో ఏది మార్చకూడదో ముందే ఎవరో గీత గీసి ఉంచుతారు.

అఫ్ఘానిస్తాన్‌లో ఇది చివరి అంచు దాకా పోయింది. 1996 నుంచి 2001 దాకా సాగిన మొదటి తాలిబాన్ పాలనలో సంగీతం నిషేధం, గాలిపటాలు నిషేధం, మగవాళ్ల గడ్డం గుప్పెడు పొడవు ఉండాల్సిందే. చెక్‌పోస్టుల దగ్గర పట్టుకున్న క్యాసెట్ల టేపును బయటికి లాగి స్తంభాలకు వేలాడదీసేవాళ్లు. 2021 ఆగస్టు 15న మళ్లీ కాబూల్‌ పట్టుకున్నారు. నెల దాటగానే మహిళా వ్యవహారాల శాఖ భవనానికి బోర్డు మార్చేసి, మంచిని ప్రోత్సహించి చెడును అరికడతామనే శాఖను అందులో పెట్టారు. 2022 మార్చి 23న ఆడపిల్లల హైస్కూళ్లు తెరుస్తున్నామన్నారు. పిల్లలు యూనిఫాంలు వేసుకుని, పుస్తకాలు సర్దుకుని, నెలల తరబడి చూడని స్నేహితురాళ్ల పక్కన వచ్చి కూర్చున్నారు. ఆ పూటే వాళ్లను ఇళ్లకు పంపేశారు. ఆరో తరగతి తర్వాత ఆడపిల్లకు బడి లేదు. ఆ నవంబరులో ఆడవాళ్లకు పార్కులు, జిమ్‌లు మూశారు, డిసెంబరులో యూనివర్సిటీలు. 2023 జులైలో బ్యూటీ పార్లర్లు మూయించారు, ఆడవాళ్లు నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట్లు అప్పటికే చాలా తక్కువగా మిగిలాయి. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని శిక్షణ కూడా ఆపేశారు. ఆడ రోగిని మగ డాక్టరు ముట్టుకోవడానికే అభ్యంతరాలుండే చోట ఆడవాళ్లను వైద్యం నేర్చుకోనివ్వకపోతే రేపు కాన్పులు ఎవరు చేస్తారు? ఈ ప్రశ్నకు మత గ్రంథంలో జవాబు వెతికే పని లేదు, జవాబు ప్రసూతి గదిలో దొరుకుతుంది.

మగవాళ్లకు ఇందులో ఏ ఇబ్బందీ ఉండదనుకోవడం పొరపాటు. 2022 మే నాటి ఆదేశం ప్రకారం ఒక స్త్రీ ముఖం కప్పుకోకపోతే ముందు శిక్ష పడేది ఆమె తండ్రికో, భర్తకో, అన్నకో. ఉద్యోగం ఊడొచ్చు, జైలుకు పోవచ్చు. దాంతో ఇంట్లో ప్రతి మగవాడూ ప్రభుత్వం జీతం ఇవ్వని కానిస్టేబుల్ అయిపోతాడు. చెల్లెల్ని చదివించాలనుకునే అన్న కూడా ఆమెను ఆపాల్సి వస్తుంది, తన ఉద్యోగం మీదే ఇల్లు గడుస్తోంది కాబట్టి. ఇంత లోపలికి, అన్నాచెల్లెళ్ల మధ్యకు వచ్చి కూర్చునే అధికారం మామూలు నియంతలకు కూడా అంత సులువుగా దొరకదు.

మతపాలన వస్తే నష్టపోయేది నాస్తికులూ వేరే మతాలవాళ్లూ అని, సొంత మతస్థులు హాయిగా ఉంటారని చాలామంది అనుకుంటారు. జరిగేది దాదాపు తిరగబడి ఉంటుంది. ప్రభుత్వం ఒక మతాన్ని పట్టుకోగానే, ఆ మతంలో ఏ శాఖ అసలైనదో, ఎవరు నిఖార్సైన భక్తులో కూడా ప్రభుత్వమే తేల్చాల్సి వస్తుంది. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించి, తమను ముస్లింలనే చెప్పుకునే అహ్మదీ శాఖవాళ్లు ముస్లింలు కారంది. 1984లో వచ్చిన ఆర్డినెన్స్ ప్రకారం అహ్మదీ తన ప్రార్థనా స్థలాన్ని మసీదు అన్నా, అజాన్ ఇచ్చినా మూడేళ్ల దాకా జైలు. ఫిజిక్స్‌లో 1979 నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం అహ్మదీ. పాకిస్తాన్‌లోని రబ్వా ఊళ్లో ఆయన సమాధి రాతి మీద 'మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత' అని చెక్కారు, తర్వాత అధికారులు అందులో 'ముస్లిం' అన్న మాట చెరిపించారు. దేశానికి అంత పేరు తెచ్చిన మనిషిని చనిపోయాక కూడా వదల్లేదు.

ఇది ఒక్క మతానికి పట్టిన జబ్బని ఎవరైనా అంటే చరిత్ర చదవలేదనే అర్థం. పదహారో శతాబ్దంలో, మతసంస్కర్త కాల్విన్ కాలంలో, జెనీవాలో ప్రొటెస్టెంట్ పెద్దలు డ్యాన్సుల మీదా తాగుడు మీదా కన్నేసి ఉంచడంతో ఆగలేదు, పిల్లలకు పెట్టే పేర్ల దాకా వెళ్లారు. 1546లో ఒక తండ్రి బిడ్డకు క్లాడ్ అని పేరు చెబితే, అది క్యాథలిక్ సెయింటు పేరని పాస్టరు అబ్రహాం అని బాప్తిస్మం ఇచ్చేశాడు. ఇంగ్లండ్‌లో మతం పేరుతో హింస పడలేక అమెరికా చేరిన ప్యూరిటన్లు అనే ప్రొటెస్టెంట్లు మసాచుసెట్స్‌లో తమ పాలన పెట్టుకుని, 1659లో క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అన్నారు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లు రావద్దన్నా వస్తున్నారని నలుగురిని ఉరి తీశారు, వాళ్లలో మేరీ డయ్యర్ అనే స్త్రీని 1660లో. అందరూ ఒకే యేసును నమ్మినవాళ్లే. నేపాల్‌లో 1854 నాటి ములుకీ ఐన్ అనే శాసనం హిందూ కుల వ్యవస్థను దేశ చట్టంగా రాసింది, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగొచ్చో కూడా అందులో ఉండేది, ఒకే నేరానికి కులాన్ని బట్టి శిక్ష మారేది. పేర్లు మారతాయి, గ్రంథాలు మారతాయి, అధికారం పనిచేసే తీరు మాత్రం ఒకటే.

గడ్డాలూ ముసుగులూ ఉన్న దేశాలనే చూస్తే ఐర్లండ్ కంటికి ఆనదు. అక్కడ ఏ మతగురువూ గద్దెనెక్కలేదు. ఎన్నికలు జరిగాయి, కోర్టులు నడిచాయి. అయినా 1937 రాజ్యాంగం క్యాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం ఇచ్చింది, విడాకుల్ని నిషేధించింది. అంతకు ముందే, 1935లో, గర్భనిరోధక సాధనాలు అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరమైంది. 1971 మే 22న కొందరు మహిళలు రైలెక్కి సరిహద్దు అవతల బ్రిటన్ పాలనలో ఉన్న బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడి షాపుల్లో వాటిని కొని, డబ్లిన్ స్టేషన్‌లో కస్టమ్స్ వాళ్లకు అందరి ముందూ చూపిస్తూ దిగారు. వాళ్లను ఎవరూ అరెస్టు చేయలేదు, చట్టం మాత్రం కదల్లేదు. 1979లో సడలించారట, ఎంతవరకంటే కుటుంబ నియంత్రణ కోసమేనని డాక్టరు చీటీ రాసిస్తే కండోమ్ కొనుక్కోవచ్చు. పడకగదిలో సంగతికి ప్రిస్క్రిప్షన్ కావాల్సి వచ్చింది, అదీ ఐరోపాలో. విడాకులు కావాలా వద్దా అని 1995లో రెండోసారి జనాన్ని అడిగితే, 16 లక్షల పైచిలుకు ఓట్లలో 9 వేల తేడాతో గట్టెక్కింది.

2012 అక్టోబరులో గాల్వే నగరంలోని ఆసుపత్రికి సవితా హలప్పనవార్ అనే 31 ఏళ్ల భారతీయ డెంటిస్టు వెళ్లింది. పదిహేడో వారం గర్భం, అది నిలవదని డాక్టర్లకే తెలుసు. అబార్షన్ చేయమని ఆమే అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి చట్టం ఒప్పుకోదన్నారు. ఇది క్యాథలిక్ దేశం అనే మాట తాను అన్నానని ఒక మంత్రసాని విచారణలో ఒప్పుకుంది కూడా. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అక్టోబరు 28న సవిత చనిపోయింది. ఆమె క్యాథలిక్ కాదు, హిందువు. ఆ నియమం ఏ నమ్మకం నుంచి పుట్టిందో ఆ నమ్మకంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు, అయినా ప్రాణం పోయింది ఆమెది. 2018 మేలో ఐర్లండ్ జనం 66.4 శాతం ఓట్లతో అబార్షన్‌ను అడ్డుకున్న రాజ్యాంగ నిబంధనను తీసేశారు. అది వాళ్ల గొప్పతనమే. ఓటుతో తీసే వీలుంది కాబట్టి తీయగలిగారన్నది కూడా గుర్తుంచుకోవాలి, టెహ్రాన్‌లో ఆ వీలు లేదు.

ఇక లౌకిక ప్రభుత్వాల సంగతి. వాటిని వెనకేసుకొచ్చేవాళ్లు చాలాసార్లు దాటేసే దేశం అల్బేనియా. 1967లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం మసీదులు, చర్చిలు అన్నీ మూసేసి, ప్రపంచంలో మొదటి నాస్తిక రాజ్యమని ప్రకటించుకుంది. 1976 రాజ్యాంగంలో రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని రాసుకుంది. ప్రార్థించడం, పండగ ఉపవాసం, బిడ్డకు మతపరమైన పేరు, అన్నీ అనుమానంగా చూడాల్సినవే. 1990 దాకా ఇది నడిచింది. చైనాలో ముస్లింలు ఎక్కువగా ఉండే షిన్‌జియాంగ్‌లో 2017 నిబంధనలు 'అసాధారణమైన' గడ్డాన్నీ ముఖం కప్పే ముసుగునూ నిషేధించాయి. కాబూల్‌లో గడ్డం లేకపోతే తప్పు, షిన్‌జియాంగ్‌లో ఉంటే తప్పు. దేవుణ్ని తీసేసి ఆ ఖాళీలో పార్టీని కూర్చోబెడితే మామూలు మనిషికి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ప్రశ్నించకూడని పీఠం అలాగే ఉంది, దాని మీద కూర్చున్నవాళ్లే మారారు. ఇలాంటివాటిని లౌకిక పాలన ఖాతాలో రాయడం న్యాయమా కాదా అని వాదించొచ్చు గానీ, వాటి కింద నలిగిన భక్తుడికి ఆ వాదనతో పనిలేదు.

ఫ్రాన్స్, టర్కీలది ఇంకో రకం. టర్కీలో 1999 మేలో మెర్వె కవాక్చీ అనే ఎంపీ తలకు గుడ్డ కట్టుకుని ప్రమాణ స్వీకారానికి వస్తే, సభలో అరుపులు కేకలతో ఆమెను ప్రమాణం చేయనివ్వలేదు, ఆ తర్వాత పౌరసత్వమే తీసేశారు. జనం ఓటేసి పంపిన మనిషి ఆమె. హిజాబ్ తీయం అన్నందుకు యూనివర్సిటీ చదువు పోగొట్టుకున్న అమ్మాయిలు ఆ దేశంలో చాలామంది. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాల్ని నిషేధించింది, సిక్కు పిల్లల తలపాగా కూడా అందులో పడింది. 2010 చట్టం బయట ముఖం కప్పుకుంటే 150 యూరోల దాకా జరిమానా అంది. ఆడవాళ్లను మొగుళ్ల బలవంతం నుంచి కాపాడటానికే అని సమర్థించుకున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ఇష్టపడి వేసుకున్న ఆవిడకు ఆ చట్టం ఏం చెబుతోంది? నీ ఒంటి మీద ఏముండాలో నీకంటే మాకే బాగా తెలుసని. రెజా షా పోలీసులు చెప్పిందీ అదే.

అయినా ఫ్రాన్స్‌నూ అఫ్ఘానిస్తాన్‌నూ ఒకే గాటన కట్టేసి 'అందరూ అందరే' అనడం బద్ధకం. 2016 ఎండాకాలంలో ఫ్రాన్స్ తీరంలో చాలా మునిసిపాలిటీలు బీచ్‌లో ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు, అంటే బుర్కినీ, వేసుకోవద్దన్నాయి. నీస్ బీచ్‌లో సాయుధ పోలీసులు చుట్టూ నిలబడి ఉండగా ఒక స్త్రీ పైబట్ట తీస్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే ఆగస్టు 26న ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, విల్‌నవ్-లూబె పట్టణం పెట్టిన నిషేధాన్ని ప్రాథమిక స్వేచ్ఛలకు విరుద్ధమని నిలిపేసింది. ప్రభుత్వం మీద ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వం చేతిలో లేని ఒక గుమ్మం ఉందన్నమాట. భారతదేశంలో 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువుల్ని బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు వాళ్లు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు, కానీ పాడేవాళ్లు కాదు, వాళ్లు నమ్మే, యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖ విశ్వాసం అందుకు ఒప్పుకోదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అన్నాడాయన. దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత చిన్న గుంపు పిల్లలు, ఎదురుగా దేశభక్తి అనే పెద్ద మాట. గెలిచింది పిల్లలు. లౌకిక రాజ్యం సరిగ్గా పనిచేస్తే ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు, పైగా అది ఒక మతవిశ్వాసాన్ని కాపాడిన కేసు.

సౌదీ అరేబియా ఈ మధ్య చాలా మారిందని చెబుతారు, మారిన మాట నిజమే. 2016లో మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశారు, 2018లో సినిమా హాళ్లు తెరిచారు, ఆ జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడుపుతున్నారు, 2019లో 21 దాటిన స్త్రీ తనంతట తాను పాస్‌పోర్టు తీసుకోవచ్చన్నారు. ఇవన్నీ అక్కడి ఆడవాళ్ల రోజును నిజంగానే మార్చాయి, తీసిపారేయాల్సినవి కావు. కానీ డ్రైవింగ్ హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్‌ను, నిషేధం ఎత్తేయడానికి నెల రోజుల ముందు, 2018 మేలో అరెస్టు చేశారు. రాజు ఇస్తే తీసుకోండి, మీరు అడిగి తెచ్చుకున్నామని మాత్రం అనుకోవద్దు అని దాని అర్థం. అలా వచ్చిన స్వేచ్ఛ రేపు ఇంకో రాజు మనసు మారితే ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

మతపాలనను సమర్థించేవాళ్ల మాట కూడా వినాలి. క్రమశిక్షణ ఉంటుంది, నేరాలు తగ్గుతాయి, కుటుంబాలు చెదిరిపోవు, జనంలో ఎక్కువమందికి ఇష్టమైతే మీకేంటి బాధ అంటారు. ఎక్కువమందికి నిజంగా ఇష్టమైన దానికి లాఠీ అవసరం ఎందుకొస్తుంది? ఉపవాసం ఉండాలనుకున్నవాళ్లు ప్రభుత్వం చెప్పినా చెప్పకపోయినా ఉంటారు. జైలుకు భయపడి చేసే ప్రార్థనకు భక్తి దృష్టితో చూసినా విలువ ఏముంటుంది? ఈ మాట నాస్తికులే అనలేదు. మసాచుసెట్స్ నుంచి 1635లో బహిష్కరణకు గురైన రోజర్ విలియమ్స్ గాఢమైన దైవభక్తి ఉన్న పాస్టరు. బలవంతపు పూజ దేవుడి ముక్కుకు కంపు కొడుతుందని రాశాడాయన. మరుసటి ఏడాది ప్రావిడెన్స్ అనే ఊరు పెట్టి, అక్కడ ఎవరి మనస్సాక్షి వాళ్లదన్నాడు. మతాన్ని ప్రభుత్వం నుంచి కాపాడుకోవాలనే తపన నుంచి కూడా లౌకిక పాలన పుట్టింది, ఈ సంగతి ఇరువైపులా మరిచిపోతుంటారు.

కాగితం మీద లౌకిక రాజ్యం ఉన్నంత మాత్రాన అన్నీ చేతికొచ్చేయవు. పెళ్లి దగ్గర ఇది బాగా బయటపడుతుంది. ఇజ్రాయెల్ ప్రజాస్వామ్యం, కానీ అక్కడ సివిల్ పెళ్లి లేదు. యూదులకు వాళ్ల మతగురువులైన రబ్బీల కోర్టు, ముస్లింలకు షరియత్ కోర్టు, క్రైస్తవులకు చర్చి. ఒక యూదుడు ముస్లింను పెళ్లాడాలంటే మామూలుగా విమానమెక్కి సైప్రస్ లాంటి చోటికి వెళ్లి, అక్కడ సంతకాలు పెట్టి, ఆ సర్టిఫికెట్ తెచ్చి రిజిస్టర్ చేయించుకోవాలి. లెబనాన్‌లోనూ అంతే, 18 మత వర్గాలకు గుర్తింపు ఉంది, ఏ మతంతోనూ పని లేకుండా పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్లు సైప్రస్ దారి పడతారు. రబ్బీల కోర్టులో భర్త విడాకుల పత్రం ఇవ్వకపోతే భార్య ఏళ్ల తరబడి మళ్లీ పెళ్లి చేసుకోలేక ఉండిపోవాల్సిందే.

భారతదేశంలో ఆ ఇబ్బంది ఉండకూడదనే 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. మతం మారక్కర్లేదు, రిజిస్ట్రార్ ముందు సంతకం పెడితే చాలు. కాకపోతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అందరికీ కనిపించేలా దాన్ని ఆఫీసులో అంటించాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుంటున్న వేర్వేరు మతాల జంటకు ఆ 30 రోజులు ఎలా గడుస్తాయో ఊహించడం కష్టం కాదు. బంధువులు, గుంపులు ఆ నోటీసు చూసే వాళ్ల వెంట పడతారు, చట్టం ఇచ్చిన దారిలో చట్టమే వాళ్ల అడ్రసు బయటపెడుతుంది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఈ నోటీసును ప్రచురించాలా వద్దా అన్నది ఆ జంట ఇష్టమని తీర్పు చెప్పింది. చట్టం పుస్తకంలో మాత్రం ఆ సెక్షన్ అలాగే ఉంది, దాన్ని మార్చడానికి ఏ మత గ్రంథమూ అడ్డం లేదు, పార్లమెంటులో మామూలు మెజారిటీతో ఒక సవరణ చాలు.